గోపి కుడిచెయ్యి

2023 నవంబర్ 19, ఆదివారం

దేశమంతా క్రికెట్ ఫైనల్ ముందు కూర్చున్న రోజున విజయనగరంలో మా బేస్‌బాల్ ట్రయల్స్ పెట్టారు. గ్రౌండు వాచ్‌మన్ కూడా ఫోన్లోంచి తలెత్తలేదు. జపాన్ నుంచి ఇద్దరు కోచ్‌లు వచ్చారు. అక్కడేదో చిన్న ఊరి ప్రొఫెషనల్ జట్టుకి ఒక పిచర్ కావాలట. బంతి విసిరినందుకు జీతమిస్తారట. ఈ మాట వినడానికి నేను ఇంటర్ నుంచి కాచుకుని ఉన్నాను.

గోపిని నేనే తీసుకెళ్లాను. నేను విసిరితే పట్టేవాడొకడు ఉండాలి కదా. కోతలున్నాయి, రానన్నాడు. బతిమాలి బస్సెక్కించాను.

నేను బాగానే వేశాను. పెద్ద కోచ్ స్పీడు మిషన్ చూసుకుని తలూపాడు. అంతా అయ్యాక, గోపి కూర్చున్న చోటి నుంచే బంతిని నాకు తిరిగి విసురుతుంటే ఆయన చూపు అటు మళ్లింది. ఇంకోసారి విసరమన్నాడు. మాస్కు తీసి, నేను నిలబడి విసిరిన మట్టిదిబ్బ, ఆ మౌండ్ ఎక్కమన్నాడు. గోపి నా వైపు చూశాడు. "అన్నా, ఏటి సెయ్యమంటావు?" అన్నాడు. వెయ్యమన్నాను. బంతి పట్టే వాడి తోలు మిట్ ఎడమచేతికి తొడుక్కుని నేను కూర్చున్నాను. వాడి బంతులు నేను పట్టడం అదే మొదలు.

ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే అరచెయ్యి మండింది. ఎడమ చెయ్యే. అయినా తినబుద్ధి కాలేదు.

ఇండియా ఓడిపోయిందట. వీధిలో ఎవరి మొహంలోనూ కళ లేదు. నా మొహం ఎవరూ పట్టించుకోలేదు, మంచిదయింది.

నవంబర్ 20

భుజం పట్టేసింది. నిన్న పొద్దుటే పట్టేసినట్టుంది, నేను గమనించలేదు. లేకపోతే ఇంకాస్త వేగం వచ్చేది.

నవంబర్ 28

మా కోచ్ హరిబాబు గారు స్కూలుకి ఫోన్ చేశారు. నేను ఏడో తరగతి పిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నాను. పేరు వినకముందే విజిల్ ఒక పిల్లాడి చేతికిచ్చి పక్కకి వచ్చేశాను. "గోపి ఫోన్ కలవడం లేదు భాస్కర్, నువ్వే వెళ్లి చెప్పు, వాడికి వచ్చింది" అన్నారు. నా సంగతి నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

సాయంత్రం బండి మీద గోపి వాళ్ల పొలానికి వెళ్లాను. వరి మోపులు ట్రాక్టరుకి అందిస్తున్నాడు. చెప్పాను. మోపు కింద పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. నన్నే చూస్తూ, "నీకు కదన్నా రావాల" అన్నాడు.

ఆ మాట వాడనకుండా ఉండాల్సింది.

కాలేజీలో వీడు జావెలిన్ విసురుకునేవాడు. బేస్‌బాల్ అంటే ఏమిటో నేను చెప్పాను. బంతి పట్టుకోవడం, కాలు ఎత్తడం, అన్నీ నేనే. రాసుకుంటున్నాను కాబట్టి రాస్తున్నాను, ఎవరికైనా చెప్పుకోవాలని కాదు.

2024 జనవరి 23

నా చెల్లి ఈశ్వరి గోపిని చేసుకుంటానని అమ్మతో చెప్పేసింది. ఎప్పటి నుంచి నడుస్తోందో నాకు తెలియదు. నాతో ప్రాక్టీసుకని వచ్చి మా ఇంట్లో మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. ఎన్నిసార్లు తాగాడో ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నాను.

నాన్న నన్ను పిలిచి అడిగారు. మంచివాడే గాని ఆటను నమ్ముకున్నవాడు, ఆలోచించుకోమన్నాను. ఈశ్వరి బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది: "నువ్వూ ఆటనే నమ్ముకున్నావు కదన్నియ్యా. నీకు ఎవులూ పిల్లనివ్వకూడదేటి?"

అమ్మ నవ్వింది. నాన్న కూడా. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 25

పెళ్లయింది. నిన్నటి దాకా అన్నా అనేవాడు, ఇవాళ్టి నుంచి బావా అంటున్నాడు. వచ్చినవాళ్లంతా వాడి కుడిచెయ్యి పట్టుకుని చూశారు. మా అమ్మ అయితే వడ్డిస్తూ ఆ చేతిని ఒకసారి నిమిరింది. నాకు పాతికేళ్లు దాటాయి. నా చెయ్యి ఎవరూ నిమరలేదు.

మార్చి 18

వాణ్ని విశాఖ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాం. వీసా సంగతి తేలేదాకా ఈశ్వరి మా ఇంట్లోనే ఉంటుంది. అంటే ఫోన్లు కూడా మా ఇంటికే.

ఏప్రిల్ 14, ఆదివారం

జపాన్‌లో మధ్యాహ్నం మ్యాచ్ అంటే మనకి పొద్దున్న టిఫిన్ వేళ. ఈశ్వరి ఫోన్ని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టింది. అమ్మ, నాన్న, పక్కింటి తవిటమ్మ పిన్ని అందరూ నేల మీద చేరారు. ఎవరికీ ఆట తెలియదు. నేను చెప్పాలి.

ఆరు ఇన్నింగ్స్ వేశాడు. గెలిచారు. మైకులో వాడి పేరును సాగదీసి పిలిచారు. తవిటమ్మ పిన్ని నన్నడిగింది: "ఆడు అంత గట్టిగా ఎలా ఇసురుతన్నాడు నాయనా? నువ్వు కూడా ఇసురుతావు కదా?"

కాలు ఎత్తినప్పుడు వీపు తిప్పాలి, బలం అక్కడి నుంచి వస్తుంది, అని వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. నేను చెప్పింది నిజమే. నేర్పింది కూడా అదే.

మే 12

మళ్లీ గెలిచాడు.

మే 26

మళ్లీ. నాకేం లేదు. ఇంట్లో వాడు గెలిచినా నేను గెలిచినా ఒకటే.

జూన్ 9

ఇవాళ ఓడిపోయాడు. మూడో ఇన్నింగ్స్‌లోనే తీసేశారు. ఈశ్వరి అన్నం తినలేదు. నేను బజారుకెళ్లి చేపలు తెచ్చాను. చాన్నాళ్లుగా తేలేదని తెచ్చాను.

జూలై 2

మా శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో గోపి ఫ్లెక్సీ కట్టారు. 'సిక్కోలు సింహం' అట. స్కూలుకి వెళ్తూ బండి ఆపి చూశాను. ఫొటో నాకు తెలిసిందే. రెండేళ్ల కిందట స్టేట్ జట్టుతో దిగింది, వాడి పక్కన నేను ఉన్నాను. నన్ను కత్తిరించేశారు. వాడి భుజం మీద నేను వేసిన చెయ్యి మాత్రం తీయలేకపోయారు. వేళ్లు కనిపిస్తున్నాయి.

స్కూల్లో ఒక పిల్ల వచ్చి, "సార్, గోపి గారు మీకు తెలుసా?" అని అడిగింది. మా చెల్లి మొగుడని చెప్పాను. అంతే చెప్పాను.

జూలై 3

సాయంత్రం వచ్చేటప్పుడు వేరే దారిన వచ్చాను. ఆ రోడ్డులో ట్రాఫిక్ ఎక్కువ.

అక్టోబర్ 20

గోపి సీజన్ ముగించుకుని వచ్చాడు. నాకు తెల్లటి కొత్త మిట్ తెచ్చాడు. వాసన కూడా ఖరీదుగా ఉంది. అమ్మకి శాలువా, నాన్నకి చేతిగడియారం. నాకు మాత్రం మిట్. విసిరేవాడు తొడుక్కునే పిచర్ గ్లవ్ కాదు, కూర్చుని పట్టేవాడి క్యాచర్ మిట్.

వాడు అలా ఆలోచించి తెచ్చి ఉండడు. రోజూ ఎవరో ఒకరు పట్టాలి కదా అని తెచ్చి ఉంటాడు. అదే కదా నేనంటున్నది.

నవంబర్ 11

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే మొదలుపెట్టాం. వాడు విసురుతాడు, నేను కూర్చుని పట్టుకుంటాను. వాకింగుకి వచ్చిన ముసలాళ్లు నిలబడి చూస్తారు. వాళ్లలో ఒకాయన నాతో, "నువ్వు గోపికి హెల్పరువా బాబూ?" అన్నాడు. గోపి విని అక్కడి నుంచే చెప్పాడు, "ఈయన నా గురువండీ" అని. ఆయన నమ్మలేదు. మర్యాదకి తలూపాడు.

డిసెంబర్ 16

మొదట్లో బంతి మిట్‌లో పడితే టపాసు పేలినట్టుండేది. వారం నుంచి ఆ చప్పుడు మారింది. బంతి కుడిపక్కకి జారుతోంది. చూస్తే వాడి మోచెయ్యి భుజం కన్నా కిందికి దిగిపోతోంది. విసిరాక వేళ్లు దులుపుకుంటున్నాడు, చీమ పట్టినట్టు.

ఇవాళ బంతి నాకిచ్చి అడిగాడు: "ఎలాగున్నాది బావా?"

"బాగున్నాది" అన్నాను.

డిసెంబర్ 17

నేనేమైనా డాక్టర్నా? వాడి చెయ్యి వాడికి తెలియదా? జపాన్‌లో ఫిజియోలు ఉన్నారు, మిషన్లు ఉన్నాయి. శ్రీకాకుళంలో పీఈటీ మాస్టారు చెప్తే ఒరిగేదేమిటి?

2025 జనవరి 8

మళ్లీ అడిగాడు. బాగుందన్నాను.

ఫిబ్రవరి 3

ఈశ్వరి వంటింట్లో నన్నాపి అడిగింది. గోపి ఎడమచేత్తో తలుపు గడియ తీస్తున్నాడట, చొక్కా గుండీలు కూడా ఎడమచేత్తోనే. "ఏటన్నా ఉన్నాదా అన్నియ్యా? రోజూ సూస్తన్నావు కదా, నీకైతే తెలుస్తాది."

అలసట అన్నాను. ప్రొఫెషనల్ పిచర్లందరికీ అలాగే ఉంటుందన్నాను. నిమ్మళపడి వెళ్లిపోయింది. నా మాటకి ఈ ఇంట్లో ఇంకా అంత విలువ ఉందని నాకు తెలియదు.

మార్చి 16

వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో కుడిచేత్తో నన్ను దగ్గరికి లాక్కున్నాడు. నొప్పి ఉంటే అలా లాగలేడు కదా.

ఏప్రిల్ 20

గెలిచాడు. చూశారా మరి.

మే 11, ఆదివారం

నాలుగో ఇన్నింగ్స్. బంతి వదిలిన వెంటనే ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని మౌండ్ మీద మోకాళ్ల మీదికి వచ్చేశాడు. ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోనులో చిన్నగా కనిపించాడు. ఈశ్వరి ఫోన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. తవిటమ్మ పిన్ని ఏమైందని నన్నే అడిగింది. ఆట గురించి ఏది అడగాలన్నా నన్నే అడుగుతారు.

బయటికొచ్చి పెరట్లో నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. మొదట వచ్చింది ఏమిటో ఇక్కడ రాయను.

మే 12

రాయకపోయినా నాకు తెలుసు.

జూన్ 15

జట్టు వాణ్ని వదిలేసింది. మోచేతిలో లిగమెంటు తెగిందట, కోలుకోవడానికి ఏడాది పైన పడుతుందట, అంతకాలం ఆ చిన్న జట్టు ఆగలేదు. వాళ్లు మర్యాదగానే పంపారు. వీధిలో వాడి మీద మాటలు అప్పుడే మారిపోయాయి. క్రికెట్ ఆడుకుని ఉంటే బాగుండేదని ఒకడు, జపాన్ తిండి పడలేదని ఒకడు. ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోయింది, దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. ఇప్పుడు ఆ రోడ్డునే వెళ్తున్నాను.

జూలై 19

విశాఖలో ఆపరేషను చేయించాం. నేనే దగ్గరున్నాను. మత్తులోంచి వస్తూ వాడు జపాన్ భాషలో ఏదో అన్నాడు. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలు వాడికెప్పుడు వచ్చాయి, మనకి చెప్పలేదే అనిపించింది. పడుకున్న మనిషి మీద కూడా నాకు అదే బుద్ధి.

ఆగస్టు 24

ఈ నెలంతా అన్నం సరిగా తినడం లేదని అమ్మ అంటోంది. అల్లుడి మీద బెంగ అనుకుంటోంది. తవిటమ్మ పిన్నితో చెప్పిందట, బావమీద ప్రాణం పెట్టుకున్నాడు మా గుంటడు, అని. అది విన్నాక ఇంట్లో ఉండలేకపోయాను.

సాయంత్రం గోపి పొలం గట్టు మీద కూర్చున్నాడు, చేతికి పట్టీతో. ఊడుపులు అయిపోయాయి, చేనంతా పచ్చగా ఉంది. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని.

"నీ మోచెయ్యి దిగిపోతన్నాదని నాకు డిసెంబర్లోనే తెలుసు గోపీ. కావాలనే సెప్పలేదు."

వాడు నీళ్ల వైపు చూస్తూనే ఉన్నాడు. "నీకు తెలీకపోడమేటి బావా" అన్నాడు. "రోజూ పట్టినోడివి."

"ఎందుకు సెప్పలేదో తెలుసా?"

"అదీ తెలుసు." చేతి పట్టీ సర్దుకుంటూ అన్నాడు: "నువ్వు సెప్పవనే నీ దగ్గిర ఏసినాను. హరిబాబు సారైతే ఒక్క బాల్ సూసి ఆపేద్దురు. ఇంకో సీజనాడాలని నాకు పిచ్చి. నాను నిన్ను అడిగినప్పుడల్లా బాగున్నాది అన్నావు. నాకు ఆ మాటే కావాల."

నేను కూర్చోలేదు, వెళ్లలేదు. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండును. తిట్టించుకునే అర్హత కూడా వాడు నాకివ్వలేదు. ఎనిమిది నెలలుగా రగిలిపోతున్నది నేను, నా అసూయను కొలిచి వాడుకున్నది వాడు. వాడి చెయ్యి పోవడంలో నా వాటా ఎంతో అది కూడా వాడే తేల్చాడు.

ఈశ్వరికి చెప్తావా అన్నాను. "ఇద్దరం కలిసి సెప్పాల" అన్నాడు.

ఆగస్టు 25

చెప్పాం. ఈశ్వరి గోపిని ఒక్క మాట అనలేదు. నాతో అంది: "ఆడు ఎర్రోడు, ఆటంటే సచ్చిపోతాడు. నాను నిన్నడిగినాను కదన్నియ్యా."

సెప్టెంబర్ 30

ఈశ్వరి నాకు అన్నం పెడుతోంది. మాట్లాడడం లేదు.

అక్టోబర్ 27

హరిబాబు గారు పిలిచారు. జిల్లా జట్టుకి పిచర్ లేడు, మూడు వారాల్లో విజయనగరంలో టోర్నమెంటు, నువ్వు వెయ్యి అన్నారు. వేరే ఎవరూ దొరకలేదని ముందే చెప్పేశారు. ఒప్పుకున్నాను. రాత్రి గోపికి చెప్తే, నేనూ వస్తాను బావా, బెంచీ మీద కూర్చుంటాను అన్నాడు.

వద్దనడానికి కారణం దొరకలేదు.

నవంబర్ 16, ఆదివారం

ఇప్పుడే ఇంటికొచ్చాను. మర్చిపోకముందు అంతా రాసుకోవాలి.

ఓడిపోయాం. ముందది రాసేస్తున్నాను. అయిదు ఇన్నింగ్స్ వేశాను, బాగా కొట్టారు. గ్రౌండుకి రాగానే అవతలి జట్టు పిల్లలు బిలబిలమని గోపి చుట్టూ చేరి సెల్ఫీలు దిగారు. అంపైరు కూడా. నేను ఒక్కణ్నే గోడకి బంతి కొట్టుకుంటూ భుజం వేడెక్కించుకున్నాను. ఎవరైనా ఇటు చూస్తారేమోనని చూశాను, ఆ వయసు దాటిపోయినా.

వాళ్లలో ఒక ఎడంచేతి బ్యాటరు ఉన్నాడు, ఏనుగులాంటి వాడు. రెండుసార్లు నా బంతిని గోడ అవతలికి కొట్టాడు. మూడోసారి వచ్చినప్పుడు నా దగ్గర వేగం ఏమీ మిగల్లేదు. చెయ్యి మాత్రం అదే ఊపుతో తిప్పి, బంతిని అరచేతిలో లోపలికి పెట్టుకుని నెమ్మదిగా వదిలాను. వాడు బంతి రాకముందే బ్యాటు తిప్పేసి, మోకాలి మీద పడ్డాడు. మా బెంచీ అంతా నవ్వింది. నేను గోపి వైపు చూశాను, వాడు కూడా నవ్వుతున్నాడేమోనని.

నవ్వడం లేదు. నన్ను చూడడం లేదు, నా చేతిని చూస్తున్నాడు. దవడ బిగించి, కళ్లార్పకుండా. ఓడిపోతున్న మ్యాచ్‌లో, ఎవరూ చూడని గ్రౌండులో, ఒక పీఈటీ మాస్టారు చెయ్యి. ఆ చూపు ఎలాంటిదో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. రెండేళ్లుగా నేను దాన్ని మోస్తున్నాను.

బస్సులో వాడు ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను వెనక. కిటికీ వైపు తిరిగి ఒకసారి భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, ఒళ్లంతా వేసింది. రణస్థలం దగ్గర మొదలైంది. చిలకపాలెం వచ్చేసరికి అయిపోయింది. ఇన్నాళ్లూ కాచుకున్నది అంత కొంచెమేనా అని లోపల వెతుక్కున్నాను. ఇంకేం దొరకలేదు.

లేచి వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. విజయనగరం బస్సు కాంప్లెక్సు దగ్గర కొన్న బత్తాయిలు సంచిలో ఉన్నాయి. తింటావా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. తర్వాత వాడే, మొహం కిటికీ వైపే ఉంచి అడిగాడు.

"ఆ ఏనుగుగాడికి ఏసిన బాల్. ఎలా పట్టుకున్నావు బావా?"

ఒక బత్తాయి తీసి నా చేతిలో పట్టి చూపించాను. బొటనవేలు, చూపుడువేలు పక్కన చుట్టి, బరువంతా చివరి మూడు వేళ్ల మీద. వాడు అందుకుని కుడిచేత్తో ప్రయత్నించాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు మాట వినడం లేదు, ఇంకా తిమ్మిరి వదల్లేదట. కాయ జారి ఒళ్లో పడింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది.

వీడి సంగతి నాకు తెలుసు. ఏడాదికో రెండేళ్లకో ఈ వేళ్లు లేస్తాయి. వేగం తగ్గినా ఈ నెమ్మది బంతి చేతికొస్తే వీడు మళ్లీ ఎక్కడికో వెళ్తాడు. మా ఇంట్లో వాళ్లు మళ్లీ ఫోన్ ముందు నేల మీద కూర్చుంటారు. నేను చూపించకపోతే వీడికి చూపించేవాళ్లు ఈ జిల్లాలో లేరు.

బస్సు ఎచ్చెర్ల దాటింది. బత్తాయిని వాడి అరచేతిలో పెట్టి, ఆ చచ్చుబడ్డ వేళ్లు రెండూ ఒక్కొక్కటే తీసి, కాయ మీద ఎక్కడ ఉండాలో అక్కడ సర్ది, నా చేత్తో అదిమి పట్టుకున్నాను.